గాల్లో గంటన్నర

మా వదినకు కడుపులో గడ్డ. సోమవారం మధ్యాహ్నం విశాఖపట్నంలో ఆపరేషన్ అన్నారు. మత్తు ఇచ్చేలోగా అక్క చెయ్యి పట్టుకోవాలని మా ఆవిడ మహాదేవమ్మ పట్టు. విమానం ఎక్కాలని నా పట్టు. అంత కష్టంలోనూ నాకు ఆ ఆశ పుట్టింది, ఏం చెప్పమంటారు!

“కర్నూలు నుంచి బస్సయితే రాత్రంతా కూర్చోవాలి. ఓర్వకల్లులో విమానం ఎక్కితే గంటన్నర!” అన్నాను.

“ఓర్వకల్లుకు పోయేది, ఆడ కాచుకునేది, దిగినాక ఆస్పత్రి వెతుక్కునేది?”

“అవన్నీ లెక్కలోకి రావే.”

“నువ్వు గాల్లో ఉండే టైము లెక్క పెడతాండావు. నేను అక్క మంచం కాడికి లెక్క పెడతాండా.”

అప్పటికే సోమవారం పొద్దుటి విమానానికి రెండు టికెట్లు కొనేశాను. ఆమె పంచాంగం తీసింది. మేం ఇల్లు కదలాల్సిన వేళకు సరిగ్గా రాహుకాలం.

“ఆపరేషన్ మనిషిని చూసేదానికి రాహుకాలంలో గడప దాటేదా?” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఆదివారం సాయంత్రమే ప్రస్థానం పెడదాం,” అన్నాను గొప్పగా. మంచి గడియలో సంచి తీసుకెళ్లి పక్కింట్లో పెడితే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు. ఇక ఆ సంచి వెనక్కి రాకూడదు. బట్టలతో పాటు ఆధార్ కార్డులు కూడా భద్రంగా అందులోనే సర్ది, పక్కింటి గిడ్డమ్మకు అప్పగించాను.

“సంచి ఒంటిగా ఉండకూడదు. నేనూ ఆడనే పండుకుంటా,” అంది మహాదేవమ్మ. ఇంత సులువుగా ఒప్పుకుందేమిటా అని అనుమానం రావాల్సింది. కిటికీ పక్క సీటు గురించి ఆలోచిస్తూ హాయిగా నిద్రపోయాను.

పొద్దున్నే గిడ్డమ్మ తలుపు కొట్టాను.

“ఇంకా ఈడనే ఉండావా శివశంకరప్పా? మీ ఆడమనిషి నిన్ననే బస్సుకు పాయ గదా! ప్రయాణం మొదలైనాక ఆగకూడదంట. సంచీ తీసకపాయ.”

ఒళ్లు మండింది. ఆమెకు నా విమానం సత్తా చూపిద్దామని ఆటో ఎక్కి ఓర్వకల్లు చేరాను. గేటు దగ్గర జవాను కార్డు అడిగాడు. జేబులు తడుముకుని, ఫోన్లో ఉన్న కార్డు ఫొటో చూపించాను.

“ఫొటో చెల్లదప్పా. కార్డు యాడ?”

కార్డు విశాఖపట్నంలో ఉంది. అప్పుడే ఫోన్ మోగింది.

“ఏం మరిదీ, యాడుండావు?” వదిన గొంతు బాగా నీరసంగా ఉంది. నేను జవాను మొహం వైపు చూశాను.

“విమానం ఎక్కతాండాడక్కా, ఫోన్ ఆపమంటారంట,” అంటూ అక్క పక్కనుంచి మహాదేవమ్మ నా పరువు కాపాడి, ఫోన్ పెట్టేసింది.

విమానం నా నెత్తి మీదుగానే వెళ్లింది. తల వంచుకుని ఇంటికొచ్చి, మళ్లీ ఫోన్ మోగేదాకా అన్నం ముట్టలేకపోయాను.

సాయంత్రం మోగింది. “గడ్డ తీసేసినారు. అక్క కండ్లు తెరిచి, మరిది దిగినాడా అని అడిగె.”

ప్రాణం లేచొచ్చింది. “నువ్వేం చెప్పినావు?”

“దిగాలంటే ముందు ఎక్కాల గదక్కా అంటి. కుట్లు పట్టుకోని నవ్వుతాంటే డాక్టరు నన్ను తిట్టె.” మళ్లీ తనే అంది. “రాత్రి బస్సుకు రాప్పా. అక్క నిన్ను చూడాలంటాంది.”

పంచాంగం చూడకుండానే గడప దాటాను.