తొమ్మిది తలుపుల ఆసుపత్రి

ఒక పెద్ద అడవిలో పదమూడు వందల జంతువులకు ఒకటే ఆసుపత్రి, ఒకటే వారపత్రిక. ఆ పత్రికలో ఉడుత ఒక సీరియల్ రాస్తుండేది. ఐదో వారం కథలో ఒక దొంగ ఆసుపత్రి కంప్యూటర్‌లోకి జొరబడాలి.

"ఈ భాగం నమ్మేలా లేకపోతే సీరియల్ ఆపేస్తా. ఆ చోటు చిలక జాతకాలకి ఇచ్చేస్తా," అంది సంపాదకురాలు కొంగ.

ఉడుత వెంటనే ఆసుపత్రికి పరిగెత్తింది. కౌంటర్లో బాతు కూర్చుని ఉంది. కంప్యూటర్‌కి బొట్టు పెట్టి, నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు.

"అక్కా, దీనికి పాస్‌వర్డ్ ఉందా?"

"అయ్యో, లేకపోతే ఎలా తమ్ముడూ! నెలనెలా మార్చాలని రూలు. ఒక్క నెల కూడా తప్పలేదు," అంది బాతు గర్వంగా.

తెర పక్కనే ఒక కాగితం అంటించి ఉంది. అందులో పదకొండు పాస్‌వర్డ్‌లు కొట్టేసి ఉన్నాయి. పన్నెండోది మాత్రం కొట్టెయ్యలేదు.

"ఇలా అందరికీ కనబడేలానా?"

"డాక్టర్‌గారు కళ్ళజోడు మర్చిపోతుంటారు. అందుకే పెద్ద అక్షరాల్లో రాశాం."

ఉడుత చూసింది చూసినట్టే రాసింది. దొంగ వస్తాడు. కంప్యూటర్ బాగు చేస్తానంటాడు. బాతు కుర్చీ వేసి టీ ఇస్తుంది. నాలుగు నిమిషాల్లో పని అయిపోతుంది. అందులో మూడు టీకే.

కొంగ చదివి కాగితాలు బల్లమీద పడేసింది. "పాఠకులంటే నీకు అంత చులకనా? ఏ ఆసుపత్రిలోనైనా ఇలా ఉంటుందా? తిరగరాయి!"

చిలక అప్పటికే పన్నెండు రాశులకీ ఫలాలు రాసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

ఉడుత తిరగరాసింది. ఈసారి ఆసుపత్రికి తొమ్మిది ఇనుప తలుపులు. తెరమీద వానలా కురిసే అంకెలు. పైకప్పు నుంచి తాడు పట్టుకుని తలకిందులుగా దిగే దొంగ. ఒక్కో తలుపు తెరవడానికి రెండున్నర పేజీలు పట్టాయి.

మూడు వందల నలభై ఉత్తరాలు వచ్చాయి. "అచ్చం మన ఆసుపత్రే!" అన్నాయి అందులో సగం. సీరియల్ నిలబడింది.

మరుసటి వారం ఆసుపత్రిలో నిజంగానే దొంగతనం జరిగింది. పోయింది కంప్యూటర్‌లోని సింహం ఫైలు. రాజుగారివి కట్టుడు పళ్ళన్న సంగతి కుందేళ్ళ దాకా పాకింది. సాయంత్రంలోగా దొంగ దొరకాలని సింహం పళ్ళు లేకుండానే గర్జించింది.

ఇన్‌స్పెక్టర్ తోడేలు వారపత్రిక చంకలో పెట్టుకుని ఉడుత ఇంటికి వచ్చింది.

"ఆసుపత్రిలోకి ఎలా జొరబడాలో ఈ అడవిలో నీ ఒక్కడికే తెలుసు. పద."

"సార్, అదంతా కల్పన! అసలు పాస్‌వర్డ్ కంప్యూటర్ పక్కనే అంటించి ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు. కావాలంటే బాతక్కని అడగండి సార్!"

"నాకు కథలు చెప్పకు." తోడేలు నోట్‌బుక్ తెరిచింది. "ఆసుపత్రి మొత్తం తనిఖీ చేశాం. ఒక్క తలుపే ఉంది. మిగతా ఎనిమిదీ ఎక్కడ దాచావ్?"

నీతి: నమ్మేలా రాయడం నేర్చుకునే ముందు, ఒక లాయర్‌ని చూసి పెట్టుకోవాలి.