బెంచీ గల దర్శన ఉద్యానం

మనిషి తాను పార్కులోకి ఎందుకు వెళ్తున్నాడో తనకే తెలియకుండా ఇన్నాళ్ళూ వెళ్ళొస్తున్నాడన్న దారుణమైన విషయాన్ని మన నగర ఉద్యానవనాల శాఖ ఈ మధ్యే కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకోలేదు. (ఊరుకునే శాఖలు వేరే ఉన్నాయి.) వెంటనే పార్కుల వర్గీకరణ విభాగం అని ఒకటి తెరిచి, దానికో అధికారిని, అధికారికో జీపును, జీపుకో డ్రైవరును, ఆ డ్రైవరు కునుకు తీయడానికి కాస్త నీడను మంజూరు చేసింది. నీడ కోసం ఒక పార్కులో సగం తీసుకున్నారు. అందులోకి మనం వెళ్ళకూడదు.

శాఖవారి సిద్ధాంతం చాలా సులువు. ఒక పార్కు నగరానికి ఒకే పని చేసిపెట్టాలి. ఇంట్లో వంటగది ఉంది, పడకగది ఉంది, వంటగదిలో ఎవరైనా పడుకుంటారా అని వారు అడుగుతున్నారు. (వారు మా ఇల్లు చూడలేదు.) కాబట్టి ఇకమీదట నడక పార్కులో కూర్చోవడం నేరం. అలసిపోయినవాళ్ళు ఆ అలసటతోనే గేటు దాకా నడిచి, బయట కూలబడవచ్చు. కూర్చునే పార్కులో నిలబడవచ్చు గానీ, కూర్చోవడానికి ఎంత అవసరమో అంతవరకే. ఆటల పార్కులోకి పెద్దలు తోడులేని పిల్లల్ని రానివ్వరు, పిల్లలు తోడులేని పెద్దల్నీ రానివ్వరు. ఇవి కాక నగరానికి ఊపిరినిచ్చే పార్కులు కొన్ని ఉన్నాయి. అక్కడ చెట్లు గాలి తయారుచేస్తాయి. జనం ఎగబడి ఆ గాలంతా అక్కడే పీల్చేస్తే ఊరికి ఏం మిగులుతుందని వాటి చుట్టూ గోడ కట్టేశారు.

అన్నిటికన్నా పై హోదా దర్శన ఉద్యానానిది. దాన్ని బయట నిలబడి చూడాలి, అంతే. ఇక ఏ వర్గంలోనూ ఇమడని పార్కు ఏదైనా ఉంటే దాన్ని శాఖవారు తమ జీపులు నిలుపుకోవడానికి తీసుకుంటారు. ఈ చివరి నిబంధన దగ్గరే మా గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే మా పార్కు ఎక్కడా ఇమిడేది కాదు. మూడు వీధులు కలిసే చోట, ఇళ్ళు కట్టినవాళ్ళు కొలతలు తప్పి వదిలేసిన ముక్కోణం అది. అందులో ఒక చెట్టు, ఒక ఉయ్యాల, ఒక సిమెంటు బెంచీ. పక్కవీధి టైలరుగారు వెలుతురు బాగుంటుందని పాంట్లు తెచ్చుకుని అక్కడే అంచులు కుట్టుకుంటారు. రాత్రి డ్యూటీ చేసే బస్సు డ్రైవరు ముఖం మీద తువ్వాలు వేసుకుని చెట్టుకింద పడుకుంటాడు. ఉయ్యాల మా అమ్మాయిది. బెంచీ మా పెద్దమ్మది.

మా పెద్దమ్మ లేడీస్ హాస్టల్ వార్డెన్‌గా పనిచేసి రిటైరయింది. ఒక భవనం నిండా ఉన్న ఆడపిల్లల మీద అజమాయిషీ చేసిన మనిషి, రిటైరయ్యాక ఆ అజమాయిషీ మొత్తం తెచ్చి మా ముగ్గురి మీద పెట్టింది. నేను ఆఫీసు నుంచి వస్తే గుమ్మంలో నిలబడి, "ఇంతసేపూ ఎక్కడున్నావ్?" అనేది. మా ఆవిడ దీపం ఆర్పడం మరిచిపోతే బయటినుంచి తలుపు తట్టేది. ఆ బెంచీ దొరికాకే ఇల్లు తెరిపిన పడింది. అక్కడ పెద్దమ్మకు చెప్పడానికి మాటలున్నాయి, వినడానికి మనుషులున్నారు, మందలించడానికి బస్సు డ్రైవరున్నాడు. నవ్వులాటగా రాస్తున్నాను గానీ, ఆ బెంచీ పోతే ఆవిడ సాయంత్రాలు ఏమైపోతాయోనని నాకు నిజంగానే బెంగ పట్టుకుంది.

ఇక్కడ మా సోఫా గురించి కూడా చెప్పాలి. మా ముందుగదిలో సోఫా ఒకటుంది. పెద్దమ్మ కొన్నదే. షాపువాడు చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ దానిమీదే ఉంది, ఎందుకంటే అది వచ్చేపోయేవాళ్ళ కోసం. మేము ఇంట్లోవాళ్ళం, వచ్చేపోయేవాళ్ళం కాదు, అందుకని కింద కూర్చుంటాం. ఎవరైనా వస్తున్నారని కబురు తెలిస్తే పెద్దమ్మ ఇల్లు సర్ది, తుడిచి, చివరగా మమ్మల్ని కూడా సర్ది వెనకగదిలో పెడుతుంది. ఇల్లు చూడగానే అందులో ఎవరో కాపురముంటున్నట్టు కనబడకూడదని ఆవిడ పట్టుదల.

గురువారం సాయంత్రం అధికారి వచ్చి మా పార్కు ఏం పని చేస్తున్నదో స్వయంగా చూస్తారని నోటీసు వచ్చింది. బెంచీ దగ్గర సమావేశమయ్యాం.

"ఏముంది వదినగారూ, అందరం వరసగా కూర్చుందాం. కూర్చునే పార్కు అని రాసుకుని పోతాడు," అన్నారు టైలరుగారు.

"మరి నేను పడుకుంటాను కదక్కా. పడుకునే పార్కు అని లేదా?" అన్నాడు డ్రైవరు.

"లేదయ్యా. ఆ ఒక్కరోజుకీ కూర్చుని నిద్రపో," అన్నారు టైలరుగారు.

పెద్దమ్మ ఇద్దరినీ ఒక్క చూపు చూసింది. "మీకేమైనా బుద్ధుందా? పెద్దమనిషి వస్తుంటే ఈ గుడ్డపీలికలు, ఈ తువ్వాలు, ఈ చెప్పులు ఆయనకి చూపిస్తారా? పరువు పోతుంది. ముందు ఇదంతా శుభ్రం చేయండి. ఆయన వచ్చి వెళ్ళేదాకా ఒక్కరు ఇటు కనబడ్డారో, ఊరుకోను!"

"మనం ఇక్కడ కూర్చుంటామని ఆయనకి తెలియాలి కదా పెద్దమ్మా," అన్నాను.

"చుట్టాలొచ్చినప్పుడు మనం ఇక్కడే పడుకుంటామని దుప్పట్లు పరిచి చూపిస్తామా? అడిగితే చెబుతాం."

నేను వెళ్ళి చీపురు తెచ్చాను. (ఆ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ వెతుకుతున్నాను.)

గురువారం బెంచీని సబ్బు పెట్టి తోమారు. రాలిన ఆకులు ఏరారు, రాలబోయే ఆకుల్ని కూడా ముందుజాగ్రత్తగా కోశారు. ఉయ్యాల ఊగి అల్లరి చేయకుండా దాన్ని స్తంభానికి కట్టేశారు. తర్వాత అందరం మా ఇంటి కిటికీ వెనక దాక్కున్నాం. అధికారి జీపు దిగి, మోకాళ్ళు రుద్దుకుంటూ లోపలికి వచ్చి చుట్టూ చూశారు. చాలాసేపు ఎదురుచూశారు. బెంచీ దాకా వెళ్ళారు గానీ, అది మరీ అంత శుభ్రంగా ఉండేసరికి మొహమాటపడి, నిలబడే రాసుకున్నారు.

"చూశావా, ఎంత మర్యాదస్తుడో!" అని పెద్దమ్మ నా చెవిలో మురిసిపోయింది.

మర్యాదస్తుడి నివేదిక వారం తిరక్కుండానే వచ్చింది. "మనుషుల జాడ లేదు. రూపం ముచ్చటగా ఉంది. దర్శన ఉద్యానం, మొదటి శ్రేణి." నివేదిక వెనకాలే ఇనుప కంచె వచ్చింది, కంచె వెనకాలే తాళం వచ్చింది. తాళం వేయించడానికి అధికారి స్వయంగా వచ్చారు.

పెద్దమ్మ కంచె పట్టుకుని, "బాబూ, ఆ బెంచీ నాది. రోజూ అక్కడే కూర్చుంటాను," అంది.

"అలాగా అమ్మా? మరి ఆ రోజు లేరే?"

"మీరొస్తున్నారనే కదయ్యా లేచి వెళ్ళిపోయాం!"

ఆయన నిజంగానే బాధపడ్డారు. "నేను ఉన్నవాళ్ళనే రాయగలనమ్మా. లేనివాళ్ళు ఉంటారని ఎలా రాయను? పోనీ, బయటినుంచి ఎంతసేపైనా చూసుకోండి. దానికి వేళలు కూడా పెట్టలేదు."

ఆ తర్వాత పెద్దమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. నేను ఆలస్యంగా వచ్చినా గుమ్మంలో ఎవరూ లేరు. మా ఆవిడ కావాలనే దీపం ఆర్పకుండా ఉంచింది, తలుపు చప్పుడు కాలేదు. పెద్దమ్మ కోప్పడని ఇంట్లో మాకు ఏం చేయాలో తోచలేదు. తిట్టమ్మా తల్లీ అని అడుగుదామంటే, అలా అడిగితే ఏమనుకుంటుందోనని భయం.

ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. టైలరుగారు, చేతిలో సగం కుట్టిన పాంటు. ఆయన వెనక బస్సు డ్రైవరు, భుజాన తువ్వాలు.

"వదినగారూ, మీ ముందుగదిలో వెలుతురు ఎలా ఉంటుంది?" అని అడిగారు టైలరుగారు.

పెద్దమ్మ వాళ్ళ వంక చూసింది, సోఫా వంక చూసింది. తర్వాత వెళ్ళి ఆ ప్లాస్టిక్ కవరును ఒక్క ఊపున చింపి పారేసింది. సోఫా రంగు నీలమని ఇంట్లోవాళ్ళందరికీ ఆ రోజే తెలిసింది. టైలరుగారు ఒక మూల, పెద్దమ్మ ఒక మూల కూర్చున్నారు. డ్రైవరు కిందే పడుకున్నాడు. మా అమ్మాయి సోఫా చేతిమీద ఎక్కి గుర్రం తోలింది. "ఇంతసేపూ ఎక్కడున్నావ్?" అని పెద్దమ్మ నన్ను అడిగింది, నేను ఇంట్లోనే ఉన్నప్పటికీ. ప్రాణం లేచొచ్చింది.

కానీ శాఖ కళ్ళు మూసుకుని కూర్చోదు కదా. "మీ ముందుగదిలో వర్గీకరణ లేని పార్కు ఒకటి నడుస్తున్నట్టు తెలిసింది. తనిఖీకి వస్తున్నాం," అని నోటీసు వచ్చింది. జీపు చప్పుడు వినగానే అలవాటు కొద్దీ అందరం లేచాం. మా ఆవిడ చీపురు అందుకుంది.

"ఎవరూ కదలొద్దు!" అని హాస్టలంతా వినబడే గొంతుతో అరిచింది పెద్దమ్మ. "ఆ చీపురు లోపల పెట్టు. అన్నయ్యగారూ, గుడ్డపీలికలు ఇంకాసిని చల్లండి. ఒరేయ్ డ్రైవరూ, తువ్వాలు ముఖం మీద వేసుకో. కాస్త గురక కూడా పెట్టు, మొహమాటపడకు."

అధికారి గుమ్మంలో నిలబడి కాలు పెట్టడానికి చోటు వెతుక్కున్నారు. పెద్దమ్మ జరిగి, సోఫాలో మధ్యన చోటిచ్చింది. "మోకాళ్ళ నొప్పులా బాబూ? కూర్చో. అంతసేపు నిలబడితే రావూ మరి!"

ఆయన కూర్చున్నారు. కాసేపు రాసుకున్నారు, కాసేపు కబుర్లు విన్నారు, ఆ తర్వాత టైలరుగారి భుజం మీద తల వాల్చి హాయిగా నిద్రపోయారు. లేచాక ఎంతో తృప్తిగా సెలవు తీసుకున్నారు.

ఆ నివేదికను పెద్దమ్మ ఫ్రేము కట్టించి సోఫా పైన తగిలించింది. మా ముందుగది ఇప్పుడు శాఖ గుర్తింపు పొందిన కూర్చునే పార్కు. అయితే మూడో శ్రేణి మాత్రమే ఇచ్చారు. లోపాలు అన్నచోట ఒకే ఒక్క మాట రాశారు: "జనం కూర్చుంటున్నారు."