కుర్చీ పుట్టుపూర్వోత్తరాలు

ఆదివారం ఉదయం వెంకటరామయ్యగారు గడ్డం గీసుకుంటూ ప్రసంగాన్ని మననం చేసుకుంటున్నారు. మెసపటోమియా మట్టిలో పుట్టి, అరబ్బుల నోట "కుర్సీ"గా ఎదిగి, పారశీకం, ఉర్దూల మీదుగా తెలుగు గడప తొక్కిన "కుర్చీ" చరిత్ర అది. పటాన్‌చెరులో ఉద్యోగ విరమణ చేసి, భార్య పోయాక ఒంటరిగా మిగిలిన ఆయనకు మాటల పుట్టుకలే తోడు. ఆ మాటలు వినే మనిషే కరవు. అందుకే తన ఇంటి ముందు జరిగే ప్రసంగానికి రమ్మని గడప గడపకూ వెళ్లి పిలిచారు. కాలనీవాళ్లు మర్యాదగా తలూపి, అంతే మర్యాదగా మరిచిపోయారు.

ఆయన అద్దెకు చెప్పివచ్చిన టెంట్‌హౌస్ దశరథ్ మాత్రం మరువలేదు. తెల్లవారుతూనే పనివాళ్లను పంపి గేటు ముందు షామియానా వేయించి, కుర్చీలు పేర్పించాడు.

శుభకార్యమైతే అరటి బోదెలుంటాయి, మైకు మోగుతుంది. అవేవీ లేకుండా, ముసలాయన ఒంటరిగా ఉండే ఇంటి ముందు పొద్దున్నే షామియానా లేచిందంటే అర్థం ఒక్కటే. పాశమైలారం ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి వస్తున్న ఎదురింటి యాదన్న ఆ అర్థాన్నే గ్రహించి భార్య సోమమ్మకు చెప్పాడు. సోమమ్మ వీధికి చెప్పింది. వీధి పూలదండ తెచ్చింది. లోపల జరగవలసినవి ఎవరో చూస్తూనే ఉంటారని ఎవరికి వారే అనుకోవడం వల్ల తలుపు తట్టినవారు లేరు.

ఇస్త్రీ చొక్కాతో వెంకటరామయ్యగారు తలుపు తీశారు. ఒక్క కుర్చీ ఖాళీ లేదు. ఆయన చేతులు జోడించారు.

"సభకు నమస్కారం."

సోమమ్మ దండను కొంగు చాటుకు లాక్కుంది. "జెర ముందుగాల తలుపు తీస్తే ఏమాయె సారూ? మీరు సచ్చిపోయిండ్రని, తలకొరివి ఎవరు పెట్టాలె అన్నకాడికి వచ్చినం."

ఆయన సోమమ్మనే అడిగారు. "ఎవరు పెడతామన్నారు?"

అందరూ యాదన్న వైపు చూశారు. తర్వాత ఒక్కొక్కరే లేచారు. చావింటి నుంచి కదిలినట్టే, వెళ్లొస్తామని ఎవరూ చెప్పలేదు. సోమమ్మ కూడా దండతో సహా వెళ్లిపోయింది. ముందు వరుసలో యాదన్న మిగిలాడు.

"నువ్వు వెళ్లవా యాదన్నా?"

"సావుకని చెప్పి ఇయ్యాల రాత్రి డ్యూటీకి సెలవు పెట్టిన సార్. ఇగ ఇంటికి వోతే అబద్ధమైతది. చెప్పుండ్రి, వింట."

వెంకటరామయ్యగారు గొంతు సవరించుకున్నారు. కుర్చీ ఇంకా పారశీకం చేరకముందే, రాత్రంతా నిద్రలేని యాదన్న గురక అందుకున్నాడు. ఆయన స్వరం తగ్గించారే గాని ప్రసంగం ఆపలేదు. కుర్చీ పుట్టిందే అలసినవాడి కోసమని అప్పటికప్పుడు ఒక వాక్యం చేర్చుకున్నారు.