జిగురల్లుడు

...అయినా మచ్చ అనేది బల్ల మీద ఉంటుందా, చూసేవాడి మనసులో ఉంటుందా? కిటికీ తెర పూర్తిగా లాగేస్తే మచ్చ లేనట్టే కదా? కానీ తెర లాగితే మామగారు రాగానే ముందు తెరే తీస్తారు. ఆయన ఈ ఇంటికి వచ్చేది కూతుర్ని చూడటానికి కాదు, బల్లను చూడటానికి.

అతను చేతిలో కాఫీ కప్పుతో, అంతవరకూ ఆ కప్పు కూర్చున్న చోట మిగిలిన తెల్లటి వలయం వంక చూస్తూ నిలబడిపోయాడు. ఆ ఆదివారం ఉదయం అతను వేసుకున్న పథకం చాలా చిన్నది: నాలుగు గంటలపాటు ఏమీ చేయకుండా ఉండటం. అమ్మానాన్నల్ని తీసుకురావడానికి ఊరి ఆ చివరకు బయల్దేరుతూ భార్య గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది. "మీరు దేన్నీ ముట్టుకోకండి. పేపరు చదువుకుంటూ కూర్చోండి, చాలు." ఆ పేపరు చదువుతూనే కప్పు ఎక్కడ పెడుతున్నాడో చూసుకోలేదు.

అతను ప్రూఫ్‌రీడరు. ఇతరుల తప్పులు పట్టుకుని బతికేవాడికి సొంత తప్పు పదింతలై కనిపిస్తుంది. పైగా అది మామూలు బల్ల కాదు. హెడ్మాస్టరుగా రిటైరైన మామగారు పన్నెండేళ్ళ కిందట స్వహస్తాలతో లక్క పాలిష్ వేసి, ఆ తర్వాత కూతురికి ఇచ్చిన టేకు బల్ల. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. పెళ్ళయిన కొత్తలో అతను అత్తవారింట్లో కుర్చీలోంచి లేవబోయి కుర్చీతో సహా లేచాడు. దానికి మామగారు వార్నిష్ వేసి అప్పటికి నాలుగు రోజులైంది. "మా జిగురల్లుడు!" అన్నారాయన. అందరూ పడీ పడీ నవ్వారు. పదకొండేళ్ళు గడిచాయి. వార్నిష్ ఆరిపోయింది గానీ పేరు ఆరలేదు. ఈ ఒక్క పూట ఆ పేరు వినకుండా గడిస్తే చాలని అతని ఆశ. ఇప్పుడు ఆ ఆశ మీద కప్పు అడుగంత వలయం.

రెండేసి మెట్లు ఎక్కుతూ పైవాటా పిన్నిగారి దగ్గరికి పరుగెత్తాడు. ఆవిడకు తెలియని చిట్కా లేదు.

"తెల్ల మచ్చేనా? నల్లది కాదుగా?" డాక్టరులా అడిగింది ఆవిడ.

"తెల్లదే పిన్నిగారూ. పాల తెలుపు."

"అయితే తడి పైపొరలోనే ఉంది. పొడిబట్ట నాలుగు మడతలు పెట్టి, దాని మీద గోరువెచ్చని ఇస్త్రీ పెట్టె అలా అలా ఆనించు. తడి లేచిపోతుంది. కంగారు పడకు బాబూ."

అలాగే చేశాడు. ఒకసారి ఆనించి, బట్ట ఎత్తి చూశాడు. వలయం సగమైంది! రెండోసారి పావు వంతైంది. మూడోసారి చూస్తే బల్ల మీద ఏమీ లేదు. అతనికి ఒళ్ళంతా ఈల వేసినట్టయింది. జీవితంలో మొదటిసారి ఒక తప్పును ఎర్ర సిరా లేకుండా దిద్దాడు. ఆ ఆనందం ఒక్కడే మోయలేక మళ్ళీ మెట్లెక్కాడు.

"పోయింది పిన్నిగారూ! పూర్తిగా పోయింది! అసలక్కడ కప్పు పెట్టానంటే నేనే నమ్మను!"

"చాలా సంతోషం. ఇస్త్రీ పెట్టె ఎక్కడ పెట్టావ్?"

అతను గిరుక్కున వెనుదిరిగాడు. దిగేటప్పుడు మూడేసి మెట్లు దిగాడు.

ఇప్పుడు బల్ల మీద ఇస్త్రీ పెట్టె ముద్ర ఉంది, కొసతో సహా, పిల్లలు వేసిన పడవ బొమ్మలా. కప్పు వలయమైతే ఎవరి పనో తేలదు. పడవ మాత్రం అతని సంతకమే.

ఉప్పుకాగితం తెచ్చి రుద్దాడు. పడవ పోయి, ఆ చోట పచ్చి చెక్క రంగు తేలింది. అంచులు కలవాలని ఇంకాస్త పక్కకు రుద్దాడు. కలవలేదు. ఇంకాస్త. పళ్ళెమంత మచ్చ ట్రే అంతయింది, ట్రే కాస్తా సగం బల్లయింది. రంగు కలుస్తుందేమోనని గోధుమరంగు బూటు పాలిష్ పట్టుకొచ్చి పులిమాడు. సగం బల్ల ఎర్రబడి, గదంతా చెప్పుల కొట్టు వాసన కొట్టింది.

ఆ వాసనకే కాబోలు, పిన్నిగారు కిందికి దిగి వచ్చింది. చూసి రెండు చేతులూ చెంపల మీద పెట్టుకుంది.

"ఏ రంగైనా ముందు కనబడని చోట రాసి చూసుకోవాలి బాబూ."

"ఆ ముక్క ఇప్పుడా చెప్పడం!"

"నువ్వు ఇప్పుడేగా రాసింది!"

ఇక కనబడని చోటు ఒక్కటే మిగిలింది. బూటు పాలిష్ డబ్బాతో బల్ల కిందికి దూరాడు. వెల్లకిలా పడుకుని పైకి చూస్తే అక్కడ పెన్సిలుతో ఏదో రాసి ఉంది. గుండ్రటి అక్షరాలు. పచ్చడి సీసాల మీద చీటీలు రాసే అత్తగారి చేతిరాత. "పాలిష్ మేస్త్రి" అని, పక్కన ఫోను నంబరు. బల్లతో పాటు విరుగుడు కూడా పంపారన్నమాట. ఎందుకు పంపారో ఆలోచించే తీరిక లేదు. పడుకున్నవాడు పడుకున్నట్టే ఫోను చేశాడు.

మేస్త్రి అరగంటలో వచ్చాడు. నెరిసిన మీసం, చంకలో రేకు పెట్టె. బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, వంగి అడుగున చూసి నవ్వాడు.

"దీన్ని ఎరుగుదును సార్. ఇది మా పాత పేషెంటే."

పెట్టె తెరిచాడు. రంగు పొడులు, లక్క సీసా, స్పిరిట్, గుడ్డలో చుట్టిన దూది మూట. బూటు పాలిష్‌ను స్పిరిట్‌తో కడిగేసి, రంగు కలిపి, లక్కలో ముంచిన మూటతో సున్నాలు చుడుతూ పోయాడు. అతను ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. పాతదెక్కడ ఆగిందో, కొత్తదెక్కడ మొదలైందో పట్టుకోలేకపోయింది ప్రూఫ్‌రీడరు కన్ను.

"పాత పేషెంటంటే?"

మేస్త్రి చేయి ఆగలేదు. "ఎవరికీ చెప్పొద్దని అమ్మగారు ఒట్టేయించుకున్నారు. మీరు ఇంటి మనిషి కాబట్టి చెబుతున్నా. పెద్దాయన పాలిష్ వేశాక దీని మీద పేపరు పెడితే అతుక్కుపోయింది సార్. అక్షరాలు చెక్కలోకి దిగాయి, అద్దం పెట్టుకుని వార్తలు చదువుకోవచ్చు. ఆయన రెండు రోజులు ఊరెళ్తే అమ్మగారు పిలిపించారు. మొత్తం గీకి మళ్ళీ వేశా. ఆయనొచ్చి చూసి, ఆరితే ఇలాగే మెరుస్తుందని చెప్పానా లేదా అన్నారట."

అతనికి చెవులు వేడెక్కాయి. "ఇదొక్కటేనా?"

"మరుసటేడు ఒక కుర్చీ కూడా. వార్నిష్‌లో ఏం కలిపారో గానీ, ఆరే రకం కాదది. దానికి ఎవరిదో ప్యాంటు ముక్క అతుక్కుని ఉంది సార్."

"నాదే" అన్నాడు అతను.

పదకొండేళ్ళు! తప్పు తనది కాదు! గదిలో గిరగిరా తిరిగాడు. నాలుగు రోజులైనా ఆరని వార్నిష్ ఎవరిది? ఆ ఒక్క ప్రశ్నను మనసులో అచ్చుకు ఇచ్చి, రెండుసార్లు ప్రూఫ్ చూశాడు. ఒక్క తప్పు లేదు. మామగారి కోసం ఇంత ఆత్రంగా అతను ఎన్నడూ ఎదురుచూడలేదు.

"గంటసేపు ముట్టుకోకండి" అని మేస్త్రి పెట్టె సర్దుకుంటున్నాడు. ఆ పెట్టె మూయకముందే తలుపు తెరుచుకుంది.

"ఏమోయ్ జిగురల్లుడూ! నా అద్దంలాంటి బల్ల ఎలా ఉంది?" అంటూ మామగారు, ఆ వెనక అత్తగారు, భార్య. మామగారు మేస్త్రిని చూసి ఆగారు. "ఈయనెవరు?"

మేస్త్రి అత్తగారిని చూశాడు. అత్తగారు పైకప్పును చూశారు.

"వంటింటి కొళాయి సార్" అన్నాడు మేస్త్రి.

"ఆ కొళాయి ఎప్పుడూ కారుతూనే ఉంటుంది" అన్నారు అత్తగారు, ఈ ఇంటి కొళాయిని తానెన్నడూ తిప్పి ఎరగకపోయినా.

భార్య ముక్కు ఎగబీల్చి ఏదో అడగబోయింది. అత్తగారు ఆమె చేయి గట్టిగా పట్టుకున్నారు.

అతని ప్రశ్న నాలుక చివరికి వచ్చింది. మామగారు కళ్ళజోడు సర్దుకుని బల్ల మీదికి వంగారు. గొంతు తగ్గించి, బల్లతోనే అన్నట్టుగా అన్నారు: "ముప్పయ్యేళ్ళు సుద్దముక్కతో రాశానోయ్. ఏ పూట రాసింది ఆ పూటే తుడిచేసేవాళ్ళు. ఈ చేతులు చేసినదాంట్లో మిగిలింది ఇదొక్కటే."

నిమరడానికి అరచెయ్యి చాచారు. తడి లక్క మీద ఆ చెయ్యి పడితే పన్నెండేళ్ళ అద్దం ఒక్క క్షణంలో పగులుతుంది. గుమ్మం దగ్గర అత్తగారి ముఖం పాలిపోయింది.

అతను తన అరచేతిని ముందుగా బల్ల మీద ఆనించాడు. గట్టిగా, ఐదు వేళ్ళూ.

"అయ్యో! మెరుస్తుందని ఏదో నూనె పూశాను మామగారూ. అంటుకుపోయింది!"

మామగారు ఒక్క క్షణం నిర్ఘాంతపోయి, ఆపైన కళ్ళ నీళ్ళు తిరిగేలా నవ్వారు. "చెప్పానా లేదా! జిగురల్లుడే! నా పాలిష్ మీద నూనా? బెంగపడకోయ్, రేపు నేనే వచ్చి సరిచేస్తాగా."

అత్తగారు కొళాయి మేస్త్రిని వంటింట్లోకి తీసుకెళ్ళి, ఎల్లుండి మళ్ళీ రమ్మన్నారు.