గడ్డం దగ్గర ఆగిపోయిన ముద్ద

ఆదివారం సాయంత్రం ఎర్రబాబు టీ కొట్టు దగ్గర జరిగిన చర్చ వల్ల భ్రమరాంబ కొడుకు ఫణీంద్ర చేతులు రెండూ జానెడు మేర కురచయ్యాయి. ఇందులో వింతేమీ లేదు. ఆ ఊరి కాలేజీ వాలీబాల్ జట్టులో సెట్టర్‌గా, అంటే స్మాష్ కొట్టేవాడికి బంతిని లేపి అందించేవాడిగా, ఎవరు చేరినా అంతే. అభిమానులు బాగా అందించాడంటే చేతులు సాగుతాయి. బాగోలేదంటే కురచవుతాయి. ఎవరి మాట మీద వారు నిలబడి ఇళ్ళకు పోయిన రోజున ఒకటి సాగి ఒకటి కురచవుతుంది.

ఏర్పాట్లన్నీ పద్ధతిగానే ఉండేవి. వ్యాయామ అధ్యాపకుడు రోజూ పొద్దున్నే టేపు పెట్టి కొలిచి, ప్రిన్సిపాలు గది బయట బోర్డు మీద కొలత రాసేవాడు. పరీక్షలప్పుడు చేతులు సాగి ఉంటే చివరి బల్ల, కురచై ఉంటే ముందు బల్ల ఇచ్చేవారు. బస్సులో కండక్టరు "సెట్టర్ గారూ, చేతులు లోపలికి మడుచుకోండి" అని మర్యాదగానే చెప్పేవాడు. భ్రమరాంబ బి.ఏ. ఎకనామిక్స్ చదివిన మనిషి, ముందుచూపు ఎక్కువ. కొడుకు చొక్కాలన్నిటికీ చేతుల లోపల నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి వదిలేది. ఊరు మెచ్చుకుంటే కుట్లు విప్పేది, తిడితే మళ్ళీ వేసేది.

ఈసారి మాత్రం కుట్టుతో తేలలేదు. ఫణీంద్ర పప్పన్నం ముద్ద కలిపి పైకెత్తితే అది గడ్డం దగ్గర ఆగిపోయింది.

"నోరు తెరవరా," అంది భ్రమరాంబ, తను ముద్ద చేసి.

"నాకు ఇరవై ఏళ్ళొచ్చాయే అమ్మా."

"వస్తే? కంచంలో మూతి పెట్టి దూడలా తింటావా?"

"ఆకల్లేదు," అని లేచిపోయాడు. మర్నాడూ అదే మాట. బుధవారానికి బుగ్గలు లోపలికి పోయాయి. శనివారం ఫైనల్స్.

భ్రమరాంబ భర్తను నిలదీసింది. శేషగిరికి ఆ కొట్టు దగ్గర రోజూ రెండు టీలు ఖాతా.

"మీరేమన్నారు అక్కడ?"

"నేనేమన్నానే? రెండో సెట్లో ఆ ఒక్క బంతి కాస్త వెనక్కి పోయిందన్నాను. ఉన్నమాటేగా!"

"ఆ ఉన్నమాట ఎన్ని అంగుళాలు?"

శేషగిరి కాసేపు లెక్క చూసుకున్నాడు. "అంగుళం. మహా అయితే అంగుళంన్నర."

ఆ సాయంత్రం కొడుకుని అరుగు మీద కూర్చోబెట్టి, కంచం ముందు పెట్టి, భ్రమరాంబ రోడ్డు దాటి కొట్టు దగ్గరికి వెళ్ళింది. చర్చ మంచి ఊపు మీదుంది.

"బంతి నెట్టుకి జానెడు దూరంలో లేవాలయ్యా! మూరెడు వదిలేశాడు," అంటున్నారు రిటైరైన డ్రిల్లు మాస్టారు కాశీ విశ్వనాథం.

"స్మాషరు నిద్దట్లో ఎగిరితే సెట్టరేం చేస్తాడండి మాస్టారూ?" అన్నాడు బీమా ఏజెంటు గణపతిరాజు.

"నువ్వు మాట్లాడకు. పోయినేడు మీరంతా కలిసి వాణ్ణి ఆకాశానికెత్తేస్తే ఏమైంది? వేళ్ళు నేలకి రాసుకుని, వాటి మీంచి సైకిలు పోయింది."

భ్రమరాంబ కొంగు సర్దుకుంది. "అన్నయ్యగారూ, గెలుపోటములు తర్వాత. మావాడి చెయ్యి నోటిదాకా వచ్చేలా మాట్లాడండి, చాలు."

అందరూ నొచ్చుకున్నారు. గణపతిరాజుకి కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. ఫణీంద్ర అంటే వాళ్ళకి ప్రాణం. ప్రాణం కాబట్టే మూడు గంటల నుంచీ నిలబడి ఉన్నారు.

"మీరడిగింది న్యాయమేనమ్మా," అన్నారు మాస్టారు. "కానీ లేనిది ఉందని ఎలా అంటాం చెప్పండి? పిల్లాడు పాడైపోడూ?"

అప్పుడే ఎర్రబాబు వేడి వేడి మిరపకాయ బజ్జీలు దింపాడు. అందరూ తలొకటి నోట్లో పెట్టుకున్నారు. కొట్టు దగ్గర నిశ్శబ్దం. భ్రమరాంబ అరుగు వైపు చూసింది. కొడుకు చేతులు మెల్లగా సాగి, వాడు పుట్టినప్పుడు దేవుడిచ్చిన లెక్కకి వచ్చి ఆగాయి. వాడు గబగబా ఒక ముద్ద తిన్నాడు. రెండోది ఎత్తేలోగా మాస్టారు బజ్జీ మింగి, "అయినా ఆ రెండో సెట్లో..." అన్నారు. ముద్ద గడ్డం దగ్గర ఆగిపోయింది.

మర్నాడు భ్రమరాంబ ఉప్మా పట్టుకెళ్ళింది. అది గొంతులోకి జారిపోయి మాటలకి దారిచ్చింది. ఆ మర్నాడు బెల్లం పాకం పట్టి, నువ్వులేసి జీళ్ళు చేసింది. ఒక్కో జీడీ పైపళ్ళనీ కిందిపళ్ళనీ పట్టుకుని వదల్లేదు. కొట్టంతా కళ్ళతోనే వాదించుకుంటుండగా, అరుగు మీద ఫణీంద్ర పప్పు, కూర, చారు, మజ్జిగ దాకా వచ్చి చెయ్యి కడుక్కున్నాడు. అమ్మ వంక చూసి నవ్వాడు. వాడు నవ్వి చాలా రోజులైంది.

శనివారం కాలేజీ గెలిచింది. ఆ రాత్రి పొగడ్తలకి ఫణీంద్ర చేతులు మోకాళ్ళు దాటాయి. మరీ పొడుగైనా కష్టమే, ముద్ద చెవి పక్కనుంచి వీపు వెనక్కి పోతుంది. కాబట్టి ఆదివారం కూడా జీళ్ళు తప్పలేదు. సోమవారమూ తప్పలేదు. కొట్టు దగ్గరి చర్చా సమితి వారు దాన్ని మామూలు ఏర్పాటుగా ఖాయపరచి, ఎవరి గిన్నె వాళ్ళే తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

ఓ సాయంత్రం ఖాళీ పళ్ళెం తెచ్చుకోబోతూ, భ్రమరాంబ వెనక నుంచి వింది.

"ఇవాళ పాకం ముదిరిందండి," అన్నాడు గణపతిరాజు.

"మొన్నటిదే నయం," అన్నారు మాస్టారు. "చెయ్యి తిరిగిన మనిషేగానీ, ఎందుకో నిలకడ లేదు."

"మా అమ్మ చేసేదీ..." అని శేషగిరి ఓ నిట్టూర్పు విడిచాడు.

పొద్దున్న లేచి తాలింపు వేయబోతే, పై అరలో ఉన్న పోపులపెట్టె భ్రమరాంబ చేతికి అందలేదు. స్టూలెక్కి దాన్ని కింది అరలో పెట్టింది. అలా దించడం అలవాటైన పనిలాగే అనిపించింది. జాకెట్టు చేతులు మోచేతులు దాటి జారుతుంటే, విప్పి తిరగేసి, సూదీ దారం తీసుకుని కూర్చుంది. లోపల ఎప్పటివో మడతలు కనబడ్డాయి. పెళ్ళైన కొత్తలో వేసిన కుట్టు ఒకటి, ఆడపడుచు పురుడికి వచ్చి వెళ్ళాక వేసింది ఒకటి. అవి ఏనాడూ విప్పలేదు.

వాటి పక్కనే ఇంకొకటి వేసి, దారం పంటితో తెంపి, పొయ్యి మీద బెల్లం పెట్టింది. సాయంత్రానికి పిల్లాడు అన్నం తినాలి కదా.