ఫ్లెక్సీలో పశ్చాత్తాపం

ఆ శనివారం పొద్దున ఇన్నయ్య వేసుకున్న పథకంలో గొడవకు తావే లేదు. కాఫీ తాగాలి, బండి తీయాలి, పటమట వెళ్ళి పసిపిల్లల బట్టల కొట్లో తెల్లటి గౌనూ టోపీ కొనాలి, ఎండ ముదరకముందే కంకిపాడు తిరిగొచ్చి షాపు తెరవాలి. హనుమాన్ జంక్షన్‌లో ఉన్న చెల్లెలి మనవడికి వచ్చే నెలలో జ్ఞానస్నానం. జ్ఞానతండ్రి ఇన్నయ్య. బిడ్డను జ్ఞానస్నానపు తొట్టి దగ్గర చేతుల్లో పట్టుకుని, వాడి తరఫున విశ్వాసం చెప్పేది ఆయన. ఆ బట్టలు తేవలసిందీ ఆయనే.

కాలిపోయిన నీటి మోటార్లకు రాగి తీగ చుట్టి బతికే ఇన్నయ్యకు ఆస్తి లేదు, చదువు హైస్కూలు గడప దాటలేదు. ఉన్న గొప్ప ఒక్కటే. బుద్ధి తెలిసిన దగ్గర్నుంచి ఆదివారం పూజ మానలేదు. చికున్‌గున్యా వచ్చి మోకాళ్ళు వంగని రోజుల్లో కూడా గుడి గోడకు చేరబడి నిలబడే పూజ చూశాడు. అది చూసే చెల్లెలి మొగుడు రాయప్ప, డబ్బున్న చుట్టాలందరినీ పక్కనబెట్టి, "మా వాడికి జ్ఞానతండ్రివి నువ్వే బావా" అన్నాడు. ఆ మాట విన్ననాటి నుంచి ఇన్నయ్య వీధిలో కొంచెం నిటారుగా నడుస్తున్నాడు.

బందరు రోడ్డు సెంటరు దగ్గరికి వచ్చేసరికి బండి దానంతటదే ఆగిపోయినట్టు ఆగింది. మందుల షాపు మేడ మీద, ఆయన ఇంటి ముందు గోడ కన్నా పెద్దదిగా, ఒక ఫ్లెక్సీ. అందులో ఇన్నయ్య. కళ్ళ వెంట ధారగా నీళ్ళు, నోరు వంకర. పక్కనే అరటిపండంత అక్షరాలు: "నేను గుడికి దూరమయ్యాను. తిరిగి వచ్చాను. మరి మీరు?" కింద వరసగా చేతులు కట్టుకుని, కొందరు నల్లకళ్ళద్దాలు కూడా పెట్టుకుని, విచారణ కమిటీ సభ్యులు, అంటే ఆ గుడి పెద్దలు. వాళ్ళెవరికీ కన్నీళ్ళు లేవు. ఏడుపంతా ఇన్నయ్యకే అప్పగించారు.

ఆ ఫోటో ఎప్పటిదో ఆయనకు వెంటనే గుర్తొచ్చింది. ఈస్టరుకు ముందు తపస్కాలంలో సిలువ మార్గం జపం జరుగుతున్నప్పటిది. నిలువెత్తు చెక్క సిలువ మోస్తున్న కుర్రాడు జోజిబాబు, ఆయాసం వచ్చి దాన్ని కిందకు దించాడు. దించింది నేల మీద కాదు, ఇన్నయ్య కాలి చిటికెన వేలి మీద. జపం మధ్యలో అరవకూడదు గనుక ఇన్నయ్య పళ్ళు బిగబట్టి ఏడ్చాడు. దాన్ని ఎవడో ఫోటో తీశాడు.

గౌనూ లేదు, టోపీ లేదు. బండి గుడి వైపు తిరిగింది.

గుడి బాధ్యత చూసే విచారణ గురువు ఫాదర్ దుమినిక్ గారు ఈ ఊరికి కొత్త. పక్కనే ఫోను చూసుకుంటూ జోజిబాబు కూర్చున్నాడు. సిలువ కాలి మీద వేసినందుకు కాబోలు, వాడిని మీడియా కమిటీకి పెద్దను చేశారు.

"ఫాదర్ గారూ, నేను గుడి మానేసింది ఎప్పుడండీ?" అన్నాడు ఇన్నయ్య, స్తోత్రం కూడా చెప్పకుండా.

"మీరెక్కడ మానారండీ? మీరు మోడల్ అంతే," అన్నాడు జోజిబాబు. "గుడికి దూరమైనోళ్ళని పిలుద్దామని చేశాం అంకుల్. కేబుల్లో కూడా వేస్తున్నాం. మీ ఫేసులో పశ్చాత్తాపం అదిరిపోయింది."

"అది పశ్చాత్తాపం కాదురా, చిటికెన వేలు!"

"వేలు ఫ్రేములో లేదు అంకుల్."

ఇన్నయ్య ఫాదర్ గారి వైపు తిరిగాడు. "గుడి మానేసి తిరిగొచ్చినోడి ఫోటోనే వేసుకోవచ్చు గదండీ? నాదెందుకు?"

"తిరిగి వచ్చినవాళ్ళు ఇంకా ఎవరూ లేరండీ. ఇప్పుడేగా పిలుస్తున్నాం," అన్నారు ఫాదర్ గారు శాంతంగా.

"పోనీ మానేసినోడిది వెయ్యండి."

"వాళ్ళు గుడికి రారు గదా అంకుల్, ఫోటో ఎక్కడ దొరుకుద్ది?" అన్నాడు జోజిబాబు.

ఇందులో ఎక్కడో తర్కం ఉందని, అది తన మెడకే చుట్టుకుందని ఇన్నయ్యకు అర్థమైంది. వానకీ ఎండకీ వచ్చేవాడు చేతికి దొరుకుతాడు గనుక దొంగ వేషం వాడికే వేస్తారు. ఏళ్ళ తరబడి క్రిస్మస్‌కి కూడా ముఖం చూపించని ఆసాములు మాత్రం మేడల మీద నిలబడి ఆ ఫ్లెక్సీ చదువుకుంటారు.

"ఒక్క ఆత్మ తిరిగొచ్చినా మంచిదే గదండీ. కాస్త ఓర్చుకోండి," అన్నారు ఫాదర్ గారు.

"నా ఆత్మ సంగతి ఎవరూ అడగరేంటండీ?" అని ఇన్నయ్య లేచి వచ్చేశాడు.

సోమవారం ఉదయానికి కేబుల్లో కూడా ఏడవడం మొదలుపెట్టాడు. వార్తలకు ముందొకసారి, వంటల కార్యక్రమం మధ్యలో ఒకసారి. ఎదురింటి వెంకటరత్నమ్మ గోడ మీదుగా తొంగి చూసి, ఇన్నయ్య భార్య మాణిక్యమ్మను పలకరించింది.

"ఏం వదినా, అన్నయ్యగారు మారారంట గదా! టీవీలో చూసి మా ఇంట్లో అందరం ఏడ్చేశాం. ఇన్నాళ్ళూ ఎంత మింగుకున్నావో తల్లీ, ఒక్కనాడూ బయటపడలేదు."

"ఏం మింగుకున్నానండీ?"

"చెప్పొద్దులే. నాకర్థమైంది," అని వెంకటరత్నమ్మ కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది. ఆమెకేం అర్థమైందో సాయంత్రానికి వీధంతా అర్థమైంది.

ఇన్నయ్య పటమటలోని కేబుల్ ఆఫీసుకు పరుగెత్తాడు. అక్కడ ఉమామహేశ్ అనే మనిషి మూడు కంప్యూటర్ల మధ్య ఇడ్లీ తింటున్నాడు.

"అయ్యో, మీరేనా సార్! నేచురల్‌గా చేశారు. ఇంతకు ముందు నాటకాలేమైనా వేశారా?"

"ఆ ప్రకటన ఆపండి."

"ఆపడం నా చేతుల్లో లేద్సార్, కమిటీ వాళ్ళు చెప్పాలి. మీకు బాధగా ఉంటే కింద స్క్రోలింగ్ వేస్తా. ఏమని వెయ్యమంటారు?"

"ఇన్నయ్య ఏనాడూ ఆదివారం పూజ మానలేదని వెయ్యండి."

మనిషి మంచివాడే. అడిగింది అడిగినట్టు వేశాడు. అయితే స్క్రోలింగ్ పగలంతా నడుస్తుంది, ప్రకటనా పగలంతా వస్తుంది. దాంతో పైన ఇన్నయ్య ఏడుస్తూ నేను దూరమయ్యాను అంటుంటే, ఆ ముఖం కిందనే "కంకిపాడు వాస్తవ్యులు ఇన్నయ్య గారు ఏనాడూ పూజ మానలేదు" అని పాకుతూ పోయింది. చూసినవాళ్ళంతా కాసేపు ఆలోచించి ఒకే నిర్ణయానికి వచ్చారు. పూజ మానకుండానే ఇంతగా ఏడుస్తున్నాడంటే, చేసిన పని పూజ మానడం కన్నా చాలా పెద్దదై ఉండాలి.

రెండో ఇల్లు ఉందన్నారు. అది ఉయ్యూరులో అని ఒకరు, కాదు గన్నవరంలో అని ఇంకొకరు. మోటారు బాగు చేయించుకోవడానికి వచ్చిన రామకోటేశ్వరరావు అనే రైతు, బల్ల మీద కూర్చుని చుట్టూ చూసి, "ఏం ఇన్నయ్యా, మోటారు ఇక్కడే చుడతావా, ఆ ఇంట్లోనా?" అన్నాడు. ఇన్నయ్య చేతిలో ఉన్న స్పానర్ కింద పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ కింద పెట్టాడు.

అదే రాత్రి రాయప్ప ఫోను చేశాడు.

"బావా, ఏమనుకోబాక. జ్ఞానతండ్రిగా వేరే ఆయన్ని అనుకుంటున్నాం."

"అదేంటి బావా? నేను పూజ మాననని నీకు తెలవదా?"

"నాకు తెలుసు. టీవీకి తెలవదు గదా. మా వియ్యపురాలు స్క్రోలింగ్ కూడా చదివింది. బిడ్డ తరఫున విశ్వాసం చెప్పేటోడు గట్టోడై ఉండాలి బావా."

ఇన్నయ్య ఫోను పెట్టేశాడు. తరవాత లేచి, మాణిక్యమ్మకూ, గోడ మీదున్న మరియతల్లి పటానికీ, గోడ అవతల వింటున్న వెంకటరత్నమ్మకూ కలిపి ప్రకటించాడు. "ఆ ఫ్లెక్సీ దిగేదాకా నేను ఆ గుడి గడప తొక్కను."

"వాళ్ళ మీద కోపం దేవుడి మీద చూపిస్తావేంటయ్యా?"

"దేవుడి మీద కాదే. కమిటీ మీద."

"కమిటీ వాళ్ళు పూజకొస్తారా ఏంటి, నువ్వు రాలేదని తెలవడానికి?"

జవాబు లేని కోపం ఇంకా గట్టిగా నిలబడుతుంది. ఆదివారం గంట కొట్టినప్పుడు ఆయన షాపులో కూర్చుని తీగ చుట్టాడు. మరో ఆదివారం గంట కొట్టినప్పుడూ చుట్టాడు. ఆ వారాల్లో చుట్టిన మోటార్లలో ఒకటి రెండు నీళ్ళు ఎక్కించకుండా వెనక్కి తిరుగుతున్నాయని రైతులు తిరిగి తెచ్చారు కూడా. ఎవరూ ఏమైంది అని అడగలేదు. గుడి మానేసి తిరిగొచ్చిన మనిషి గదా, అలవాటు పడాలి పాపం అనుకున్నారు.

జ్ఞానస్నానానికి ఇంకా వారం ఉందనగా రాయప్ప స్వయంగా బండేసుకుని వచ్చాడు. చేతిలో మామిడిపళ్ళ బుట్ట. వస్తూనే ఇన్నయ్య చేతులు పట్టుకున్నాడు.

"బావా, నువ్వే జ్ఞానతండ్రివి. ఇంక తిరుగులేదు."

"గట్టోడు దొరకలేదా?"

"మా ఫాదర్ గారు కేబుల్లో నిన్ను చూశారంట. దూరమై తిరిగొచ్చినోడి కన్నా జ్ఞానతండ్రిగా పనికొచ్చేవాడెవడని నన్ను తిట్టినంత పని చేశారు. మా వియ్యపురాలు కూడా మెత్తబడింది. అయితే చిన్న మాట. గుళ్ళో లేచి నువ్వు సాక్ష్యం చెప్పాలి. ఎట్టా దూరమయ్యావు, ఎట్టా తిరిగొచ్చావు. రెండు ముక్కలు చాలు."

"నేను దూరమవ్వలేదు బావా!"

"అదొక్కటి మాత్రం అనబాక," అన్నాడు రాయప్ప కంగారుగా. "జనానికి చెప్పేశాం."

ఇన్నయ్యకు ఒళ్ళు మండిపోయింది. మానకుండా వెళ్ళినన్నాళ్ళూ ఒక్కడూ బుట్ట తేలేదు. లేని పాపానికి మామిడిపళ్ళు! ఛీ, నేను రాను అనబోయాడు. కానీ రాయప్ప ఫోనులో ఆ పసివాడి ఫోటో తీసి చూపించాడు. బోసి నోటితో, ఎవరి మీదా ఏ కోపమూ లేకుండా, వాడు నవ్వుతున్నాడు. ఇన్నయ్య మామిడిపళ్ళ బుట్ట అందుకున్నాడు.

జ్ఞానతండ్రి అయ్యేవాడు ముందుగా పాపసంకీర్తనం చేసుకోవాలి, అంటే గురువు దగ్గర తన పాపాలు ఒప్పుకోవాలి. శనివారం సాయంత్రం ఇన్నయ్య తలవంచుకుని గుళ్ళోకి వెళ్ళి, ఫాదర్ దుమినిక్ గారి ముందు మోకరించాడు.

"ఫాదర్ గారూ, రేపు ఒక అబద్ధం ఆడబోతున్నానండీ. అది ముందే ఒప్పుకుందామని వచ్చాను."

"అబద్ధం ఆడబోతూ ముందే క్షమాపణా? అట్లా కుదరదండీ. ఇంతకీ ఏమని?"

"గుడి మానేసి తిరిగొచ్చానని. అది మీరు పెట్టిన అబద్ధమేనండీ. నేను మోస్తున్నానంతే."

ఫాదర్ గారు నెమ్మదిగా అడిగారు. "ఇన్నయ్య గారూ, పోయిన ఆదివారం మీరు ఎక్కడున్నారండీ?"

"షాపులో."

"అంతకు ముందు ఆదివారం?"

"షాపులోనేనండీ. మోటార్లు..." అని ఇన్నయ్య ఆగిపోయాడు.

"దానికి ముందు?"

బుద్ధి తెలిసిన దగ్గర్నుంచి కూడబెట్టుకున్నది, నిలువెత్తు కోపంతో తన చేత్తోనే తగలబెట్టుకున్నానని ఆ మోకాళ్ళ మీదే ఇన్నయ్యకు తెలిసింది. చికున్‌గున్యా చేయలేని పని ఫ్లెక్సీ చేసింది.

"అంటే నేను నిజంగానే..."

"ఇప్పుడు వచ్చారు గదా," అన్నారు ఫాదర్ గారు. "రేపు అబద్ధమాడే పని లేదు. హాయిగా వెళ్ళండి."

"హాయా!" అన్నాడు ఇన్నయ్య. "అబద్ధమైతే కనీసం తలెత్తుకుని ఆడేవాణ్ణి గదండీ!"

మర్నాడు హనుమాన్ జంక్షన్ గుళ్ళో, ఆదరాబాదరాగా కొన్న తెల్ల గౌనులో ఉన్న పసివాణ్ణి చేతుల్లో పట్టుకుని ఇన్నయ్య మైకు ముందు నిలబడ్డాడు. జనం రెండో ఇంటి సంగతి కోసం ముందుకు వంగారు. వియ్యపురాలు చెవి మీద జుట్టు వెనక్కి తోసుకుంది.

"నేను గుడి మానేశాను," అన్నాడు ఇన్నయ్య. "తాగుడికి కాదు, దేనికీ కాదు. నన్ను చెడ్డోడని ఊరంతా అనుకుంటుందని కోపమొచ్చి మానేశాను. నా మంచితనం నలుగురికీ కనబడకపోతే నాకు దేవుడు కూడా అక్కర్లేకపోయాడు. అంతేనండీ."

అనుకున్నంత పెద్ద కథ రాలేదని జనం కొంచెం డీలా పడ్డారు. వియ్యపురాలు మాత్రం కొంగుతో ముక్కు తుడుచుకుంది. పసివాడి నెత్తి మీద నీళ్ళు పడ్డాయి. వాడు ఒక్కసారి ఊపిరి పీల్చి, గుడి దద్దరిల్లేలా ఏడుపు అందుకున్నాడు. వాణ్ణి గుండెకు అదుముకుని ఇన్నయ్య కూడా ఏడ్చాడు. ఈసారి కాలి మీద ఏమీ లేదు.

నెలాఖరులో కమిటీ సమావేశమై, ఇంత ప్రచారం వల్ల కచ్చితంగా తిరిగొచ్చిన ఆత్మ ఒకటని తేల్చి చప్పట్లు కొట్టింది. ఆ ఒక్క ఆత్మనూ గుడి మాన్పించింది ఎవరని మాత్రం సభ్యులెవరూ అడగలేదు.