కొసరు లేని దుకాణం

దుకాణానికి అసలు చీడ గిరాకీలే! మంచి మేనేజరు ఒక్కడుంటే చాలు, దుకాణం నిక్షేపంలా ఉంటుంది. నమ్మరా? అయితే నయాపూల్ దగ్గర వైకుంఠం సేటు కిరాణా దుకాణాన్ని ఏలుతున్న బాబురావు గొప్పతనం వినండి.

బాబురావు బొంబాయిలో కొన్నాళ్లుండి ‘ఎఫిషియెన్సీ’ అనే మాట పట్టుకొచ్చాడు. నిరుడు పబ్లిక్ గార్డెన్స్‌లో జరిగిన నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో కొన్న కుర్చీలో కూర్చుని, ఎవరెంత పనిమంతులో తేల్చడానికి పూనుకున్నాడు.

దుకాణంలో తరాజులు రెండు, తూచే నౌకర్లు ఇద్దరు. కైలాసం తరాజు ముందు ఆడవాళ్లు ఒకరినొకరు తోసుకునేవారు. తూకమయ్యాక అతను పైన పిడికెడు పప్పు కొసరు వేసి, పిల్లల బాగోగులు అడిగేవాడు. సీతారాం తరాజు ముందు ఈగలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. కొసరు మాట అటుంచి, ముల్లు నిలబడేదాకా గింజ గింజా వెనక్కి తీసేవాడు.

మామూలు మనిషైతే ఏమనుకుంటాడు? దుకాణం కైలాసం వల్లే నడుస్తున్నదనుకుంటాడు. అందుకే మామూలు మనుషులు మేనేజర్లు కాలేరు!

బాబురావు కైలాసాన్ని పిలిచాడు.

“నీ తరాజు కాడ గింత లొల్లి ఏంది? సీతారాంను చూడు. పొద్దుగాలకెల్లి ఒక్క గింజ నుక్సాన్ చెయ్యలే.”

“ఆయన కాడికి గిరాకే వస్తలేదు గద సార్.”

“గదే ఎఫిషియెన్సీ.”

“కొసరు ఎయ్యకుంటే మనిషి మల్ల రాడు సార్. పిల్లలున్నోన్ని, నౌకరి తియ్యకుండ్రి.”

తీసేశాడు. ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందోనన్న బెంగతో కైలాసానికి కళ్లనీళ్లు తిరిగాయి. చివరికి ఉప్పుగూడ స్టేషను ముందు గోనెపట్టా పరుచుకుని, అప్పుకు తెచ్చిన పప్పు అమ్మసాగాడు. గిరాకీలంతా అతని వెంటే నడిచారు.

ఇటు దుకాణంలో ఎంత ప్రశాంతత! బస్తాలు విప్పే పనే లేదు. నేల మీద గింజ రాలలేదు. వైకుంఠం సేటు వచ్చి చూసి మురిసిపోయి, బాబురావు భుజం తట్టి వెళ్లాడు.

ఆ పూట ఇంట్లో అన్నం తింటూ సేటు ఆగాడు.

“పప్పు మస్తున్నది. మనదేనా?”

“ఉప్పుగూడల కైలాసం కాడ తెప్పించిన,” అంది భార్య రుక్మిణమ్మ. “మన దుకాణంల కొసరెయ్యరంట గద.”

బాబురావు పని అయిపోయిందనుకుంటున్నారా? సేటు ఇంకాస్త నెయ్యి వేయించుకున్నాడు.

“గట్లనే బియ్యం గూడ ఆడికెల్లే తెప్పియ్యి,” అన్నాడు. “మన దుకాణంల గింజ కదిలిందంటే బాబురావు రికార్డు ఖరాబైతది.”